నచ్చిన కచేరీని తోటి రసికులకు వినిపించడం ఎలా

కర్ణాటక సంగీతాన్ని ప్రేమించే ఇళ్ళలో ఏదో ఒక మూల ఒక పెట్టె ఉంటుంది. 1952లో ఆకాశవాణి మొదలుపెట్టిన జాతీయ సంగీత కార్యక్రమాన్ని శనివారం రాత్రులు రేడియో పక్కన కూర్చుని పట్టుకున్న టేపులు, శ్రీరామనవమి పందిట్లో ఎవరో రికార్డు చేసి ఇచ్చిన క్యాసెట్లు, ఈమధ్య చేరిన పెన్ డ్రైవులు అందులో ఉంటాయి. మనకు నచ్చిన పాటను నలుగురికీ వినిపించాలని అనిపించడం సహజమే. కానీ ఇచ్చినవాటిలో చాలా భాగం అవతలివారు వినకుండానే ఉండిపోతాయి. కొన్నేళ్ళ క్రితం నేను నలుగురు మిత్రులకు దాదాపు రెండు వందల కచేరీలు ఒకేసారి డిస్కులో నింపి ఇచ్చాను. ఏడాది తరువాత అడిగితే ఒకరు రెండు కచేరీలు విన్నారు, మిగిలిన ముగ్గురు ఒక్కటీ వినలేదు. తప్పు వారిది కాదు. ఏది ముందు వినాలో, ఎందుకు వినాలో, ఎవరు పాడుతున్నారో ఏ వివరమూ లేకుండా నేను వారి మీద ఒక గుట్ట కుమ్మరించాను.

అప్పటి నుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒకసారికి ఒకటే రికార్డింగు ఇస్తాను. అది నేను మొదటి నుంచి చివరి దాకా విన్నదై ఉండాలి, దాని పుట్టుపూర్వోత్తరాలు రాసి ఉండాలి, వీలైతే కలిసి కూర్చుని వినాలి. ఈ పద్ధతిలో ఏ పని తరువాత ఏ పని చేయాలో కింద వరుసగా చెబుతున్నాను.

ముందుగా ఒక్కదాన్ని ఎంచుకోండి

ఇవ్వదలచిన కచేరీని మీరు మళ్ళీ రెండుసార్లు వినండి. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి కాగితం, కలం దగ్గర పెట్టుకుని, ఏ నిమిషం దగ్గర మీ చేయి తాళం మరిచి ఆగిపోయిందో అక్కడ ఆ నిమిషం రాసుకోండి. ఎన్నో ఏళ్ళ క్రితం విని బాగుందని గుర్తు పెట్టుకున్న కచేరీ ఇవాళ వింటే అలాగే ఉండకపోవచ్చు. జ్ఞాపకం మీద ఆధారపడి ఇచ్చిన సిఫారసుకు బలం ఉండదు. వింటున్నప్పుడు ఈ కచేరీని ఎందుకు ఇస్తున్నానో ఒక్క వాక్యంలో చెప్పగలనా అని మిమ్మల్ని మీరే అడగండి. "చాలా గొప్ప కచేరీ" అన్న మాట ఎవరికీ దారి చూపదు. "ఆలాపనలో పంచమం దగ్గర నిలబడి తొందరపడకుండా మెల్లగా దిగివచ్చే తీరు వినండి" అంటే వినేవారి చెవి అక్కడ ఆగుతుంది (ఆలాపన అంటే సాహిత్యం లేకుండా రాగాన్ని విస్తరించడం, పంచమం అంటే "ప" స్వరం).

ఎవరికి ఇస్తున్నారన్నది కూడా ముఖ్యమే. సంగీతం నేర్చుకుంటున్న అమ్మాయికి నలభై నిమిషాల రాగం తానం పల్లవి (ఒక రాగాన్ని, ఒకే పల్లవి వాక్యాన్ని విస్తారంగా పాడే కచేరీ భాగం) ఇస్తే ఆమె అందులో మునిగిపోవచ్చు. కొత్తగా వినడం మొదలుపెట్టిన ఆమె తండ్రికి అదే భారమవుతుంది. కొత్తవారికి పది పదిహేను నిమిషాలకు మించనిది, సాహిత్యం కొంత తెలిసినది ఇవ్వండి. ఎంతో కాలంగా వింటున్నవారికి ఒక్కటి కాకుండా ఒక జత ఇవ్వడం నాకు ఇష్టం, ఎందుకంటే రెండు రికార్డింగులు పక్కపక్కన ఉంటే మాట్లాడుకోవడానికి విషయం దానంతటదే పుడుతుంది.

జత అంటే ఎలా ఉండాలో రెండు ఉదాహరణలు చెబుతాను. నాగస్వర విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్ళై (1898–1956) గ్రామఫోను ప్లేటు మీద వాయించిన తోడి రాగాన్ని ముందు వినిపించి, ఆ వెంటనే ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, ఆ బాణీనే ఆరాధించిన షేక్ చిన మౌలానా గారి (1924–1999) తోడిని వినిపించండి. ఒక వాద్యం, ఒక రాగం, ఒక బాణీ రెండు చేతుల్లో ఎలా నడిచిందో ఎవరూ చెప్పకుండానే వినేవారికి తెలుస్తుంది. రెండోది ఇంకా దగ్గరి ఉదాహరణ. ఓలేటి వెంకటేశ్వర్లు గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు ఇద్దరూ శ్రీపాద పినాకపాణి గారి దగ్గర నేర్చుకున్నవారే. ఒకే గురువు చెప్పిన పాఠం ఒకరి గొంతులో హిందుస్తానీ సొగసును కూడా కలుపుకుని సాగితే, ఇంకొకరి గొంతులో నిండుగా, నిలకడగా సాగింది. ఇద్దరూ పాడిన ఒకే రాగాన్ని ఎంచుకుని చెరి పదిహేను నిమిషాలు వినిపిస్తే ఆ సాయంత్రం ఎవరూ త్వరగా లేచి వెళ్ళరు.

వివరాలు రాయండి, తెలియనిచోట ఖాళీ వదలండి

రికార్డింగుతో పాటు వివరాల కాగితం వెళ్ళాలి. ప్రధాన కళాకారుడు, వయొలిన్, మృదంగం, ఘటం లేదా కంజీర, ఊరు, సభ, తేదీ, రికార్డింగు ఎక్కడి నుంచి వచ్చింది (రేడియో, సభ, ఇంటి కచేరీ, విడుదలైన ప్లేటు) అన్నవి మొదట రాయండి. దాని కింద కీర్తనల వరుస, ప్రతిదానికీ రాగం, తాళం, వాగ్గేయకారుడు, మొదలయ్యే నిమిషం రాయండి. పక్కవాద్యాల పేర్లను మాత్రం ఎప్పుడూ వదలకండి. గాయకుని పేరొక్కటే రాసి మిగిలినవారిని మరిచిపోవడం మన సేకరణలలో పాతుకుపోయిన లోపం. ఆలాపనకు బదులు పలికిన వయొలిన్ విద్వాంసునికి, రెండున్నర గంటలు నడక తప్పకుండా చూసిన మృదంగ విద్వాంసునికి ఆ కాగితం మీద చోటు దక్కాలి.

ఇక్కడ నేను చేసిన ఒక పెద్ద పొరపాటు చెప్పాలి. ఒక పాత క్యాసెట్ మీద వయొలిన్ ఎవరో రాసి లేదు. విల్లు నడిపిన తీరు చూసి ఫలానావారే అయి ఉంటారని ఊహించి, ప్రశ్నార్థకం కూడా పెట్టకుండా పేరు రాసి ఆరుగురికి ఇచ్చాను. వారు ఇంకొందరికి ఇచ్చారు. రెండేళ్ళ తరువాత, నిజంగా ఆ కచేరీలో వాయించిన విద్వాంసుని శిష్యుడొకరు విని, తమ గురువుగారి వాయిద్యం వేరొకరి పేరు మీద తిరుగుతోందని ఎంతో బాధపడి నాకు ఫోన్ చేశారు. నేను దిద్దుకున్నాను, నా నుంచి తీసుకున్నవారందరికీ చెప్పాను, కానీ నాకు తెలియకుండా చేతులు మారిన ప్రతులలో ఆ తప్పు పేరు ఇంకా ఉంది. అందుకే ఖచ్చితంగా తెలియకపోతే "వయొలిన్: తెలియదు" అని రాయండి. తేదీ సందేహమైతే "సుమారు" అన్న మాట చేర్చండి. రాగం విషయంలో, దగ్గరి పోలికలున్న దర్బారో నాయకియో తేలకపోతే ఆ గడిని ఖాళీగా వదిలి, తెలిసినవారిని అడగండి. అడగడానికి అది మంచి కారణం కూడా అవుతుంది.

ఫైలు పేరు విషయంలో ఒక చిన్న సలహా. ముందు సంవత్సరం, తరువాత నెల, రోజు అంకెలలో రాసి, ఆ తరువాత కళాకారుని పేరు, ఊరు రాస్తే కంప్యూటరు వాటిని తనంతట తానే కాలక్రమంలో పేరుస్తుంది. "ట్రాక్ 01" అన్న పేరుతో ఏ ఫైలునూ మీ చేయి దాటనివ్వకండి.

పాత టేపును ఫైలుగా మార్చేటప్పుడు

మీ దగ్గర ఉన్నది ఇప్పటికే ఫైలైతే ఈ భాగం మీకు అక్కరలేదు. క్యాసెట్ అయితే నిదానంగా చదవండి, ఎందుకంటే పాత టేపు మళ్ళీ మళ్ళీ తిప్పడానికి ఓర్చుకోదు. ఒక్కసారిలోనే పని బాగా జరగాలి.

క్యాసెట్ వెనుక అంచు మీద రెండు కొసల్లో రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. అవి విరిచి లేకపోతే ముందు విరిచేయండి. ఆ తరువాత పొరపాటున రికార్డు బొత్తాం నొక్కినా పాట చెరిగిపోదు. తరువాత క్యాసెట్ కిటికీలోంచి చుట్ట అంచును వెలుతురులో చూడండి. గోదావరి, కృష్ణా జిల్లాల ఇళ్ళలో, సముద్రం దగ్గరి ఊళ్ళలో దాచిన టేపుల మీద తరచు తెల్లటి బూజు కనబడుతుంది. బూజు పట్టినదాన్ని మీ మంచి డెక్‌లో (క్యాసెట్ వాయించే యంత్రంలో) పెట్టకండి, అది టేపును చదివే హెడ్‌కు అంటుకుని తరువాత పెట్టే క్యాసెట్లకూ పాకుతుంది. అలాంటివి విడిగా ఉంచి, ఈ పని తెలిసినవారికి అప్పగించండి. బూజు లేనివాటిని ఒకసారి చివరి దాకా ముందుకు, మళ్ళీ వెనక్కు తిప్పితే చుట్ట సమంగా బిగుస్తుంది. హెడ్‌ను, టేపును లాగే రబ్బరు చక్రాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక మొదలుపెట్టండి.

డెక్ వెనుక ఉన్న లైన్ అవుట్ నుంచి తీగను కంప్యూటరుకు తగిలించిన యూఎస్‌బీ సౌండ్ కార్డు లైన్ ఇన్‌లోకి ఇవ్వండి. స్పీకరు ముందు ఫోన్ పెట్టి రికార్డు చేయడం మాత్రం వద్దు. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి. శబ్దస్థాయిని ఆలాపన విని నిర్ణయిస్తే మోసపోతారు. ముందుగా తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) చివర, మృదంగం కోర్వై అనే ముగింపు జతిని ముగించే చోటికి వెళ్ళి, అక్కడ సూచిక గరిష్ఠ స్థాయికి ఆరు డెసిబెళ్ళు కిందే ఉండేలా చూసుకుని, అప్పుడు మొదటికి తిప్పి రికార్డు చేయండి.

ఫైలు పరిమాణం గురించి అడిగేవారు ఉంటారు కాబట్టి అంకెలు చెబుతాను. సీడీ నాణ్యతలో నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు పడుతుంది, అంటే రెండున్నర గంటల కచేరీకి 1.5 గిగాబైట్లు. అదే ఫ్లాక్ రూపంలో ధ్వని ఏమాత్రం నష్టపోకుండా దాదాపు సగానికి తగ్గుతుంది. 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే 360 మెగాబైట్ల దగ్గర ఉంటుంది. మీ దగ్గర ఫ్లాక్ ఉంచుకుని, ఫోన్లలో వినేవారికి ఎంపీ3 ఇవ్వండి. ఒక ఎంపీ3ని మళ్ళీ ఎంపీ3గా మార్చి ఇవ్వకండి. మార్చిన ప్రతిసారీ కొంత పోతుంది.

శ్రుతి సరిచూడండి

చాలామంది దాటవేసే పని ఇది. రికార్డు చేసినప్పుడు బ్యాటరీ నీరసించిన టేప్ రికార్డరులో టేపు నెమ్మదిగా నడిచి ఉంటుంది. దాన్నే సరైన వేగంతో నడిచే డెక్‌లో పెడితే శ్రుతి పెరుగుతుంది, కాలం కూడా పరుగెత్తుతుంది. వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి సుమారు అరమెట్టు పెరుగుతుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడే విద్వాంసుడు మూడు శ్రుతిలో (ఈ అంకెలు ఆధార స్వరం ఎత్తును చెబుతాయి, అంకె పెరిగితే ఎత్తు పెరిగినట్టు), గొంతు సన్నబడి, కంగారుగా పాడుతున్నట్టు వినిపిస్తే, వినేవారు అదే ఆయన బాణీ అనుకుంటారు. ఒక కళాకారునికి మనం చేయగలిగిన అన్యాయాలలో ఇది ఒకటి.

సాధారణంగా మగవారు ఒకటి నుంచి రెండు మధ్య, ఆడవారు నాలుగున్నర నుంచి ఆరు మధ్య శ్రుతి పెట్టుకుంటారు. ఆ కళాకారుని సక్రమమైన వేరే రికార్డింగు ఒకటి తీసుకుని, రెండిటి తంబుర షడ్జమాలనూ ("స" స్వరాలనూ) ఫోన్‌లోని శ్రుతి చూసే యాప్‌తో పోల్చండి. తేడా ఉంటే వేగాన్ని మార్చండి. శ్రుతిని మాత్రమే మార్చే సదుపాయాన్ని వాడకండి, ఎందుకంటే టేపు తప్పులో శ్రుతి, కాలం రెండూ కలిసే మారాయి, కలిపే దిద్దాలి. బ్యాటరీ కచేరీ సాగేకొద్దీ నీరసించి ఉంటే మొదటి కీర్తనకు, మంగళానికి తేడా వేరుగా ఉంటుంది. అప్పుడు ప్రతి కీర్తననూ విడివిడిగా చూడవలసి వస్తుంది. ఓపిక కావాలి, కానీ దిద్దిన తరువాత తెలిసిన గొంతు తెలిసినట్టుగా వినిపించే ఆ క్షణం కోసం ఎంత సేపైనా కూర్చోవచ్చు. దిద్దని మూల ప్రతిని కూడా దాచండి, దిద్దినట్టు వివరాల కాగితంలో రాయండి.

ఏమేమి కత్తిరించకూడదు

టేపు మీది సన్నని హోరును తొలగించే సాధనాలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటిని అతిగా వాడితే హోరుతో పాటు తంబుర కూడా పోతుంది. ఆగకుండా ఒకే తీరుగా మోగే ధ్వనిని ఆ సాధనం చప్పుడుగానే లెక్కిస్తుంది. తంబుర పోయిన ఆలాపన నేల లేని ఇల్లులా ఉంటుంది. నేను 50 హెర్ట్జ్ దగ్గర కరెంటు హమ్ మాత్రం కొంచెం తగ్గించి మిగిలినదాన్ని ముట్టుకోను. రెండు నిమిషాలు వినేసరికి చెవి హోరును తనంతట తానే పక్కన పెడుతుంది.

మొదట్లో వచ్చే రేడియో ప్రకటనను తీసేయకండి, చాలాసార్లు కళాకారుల పేర్లకు మనకున్న ఆధారం అదొక్కటే. మృదంగం శ్రుతి చేసుకునే చప్పుళ్ళు, కీర్తనకు కీర్తనకు మధ్య గాయకుడు పక్కవాద్యాలతో అన్న రెండు మాటలు, చివరి చప్పట్లు ఉండనివ్వండి. ఇంకొక విన్నపం: తని ఆవర్తనాన్ని కత్తిరించకండి. టేపు చాలదని తని మొదలుకాగానే రికార్డింగు ఆపేసిన రోజులు ఉండేవి, అప్పటి ఇబ్బంది అర్థం చేసుకోవచ్చు. ఇప్పుడు చోటుకు కొరత లేదు. 90 నిమిషాల క్యాసెట్‌లో 45 నిమిషాల దగ్గర వైపు మార్చేటప్పుడు నెరవు (ఒకే సాహిత్య పాదాన్ని రకరకాలుగా విస్తరించి పాడే భాగం) మధ్యలో తెగిపోయి ఉంటే, ఆ ముక్కలను గుట్టుగా అతికించకుండా అక్కడ రెండు సెకన్ల నిశ్శబ్దం వదిలి "ఇక్కడ టేపు మార్చారు" అని కాగితంలో రాయండి.

ఎవరి హక్కో తెలుసుకోండి

భారత కాపీరైట్ చట్టం (1957) ప్రకారం విడుదలైన ధ్వనిముద్రణకు, విడుదలైన మరుసటి సంవత్సరం మొదటి రోజు నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. 1960లో వచ్చిన ప్లేటు 2021 జనవరి 1 నుంచి అందరిదీ అయింది. త్యాగరాజస్వామి (1767–1847) కీర్తన మీద ఎవరికీ హక్కు లేదు, కానీ దాన్ని పాడిన రికార్డు మీద ఉండవచ్చు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి వంటి మన కాలపు వాగ్గేయకారుల సొంత రచనల మీదా ఉంటుంది. రేడియో ప్రసారానికి, కళాకారుని ప్రదర్శనకు వేరువేరు గడువులు ఉన్నాయి. అమెరికాలో పాత రికార్డులకు గడువు ఇక్కడికంటే ఎక్కువ, కాబట్టి అక్కడి మన తెలుగువారు ఇక్కడి లెక్క పట్టుకుని ముందుకు పోకూడదు.

ఆచరణలో నేను పాటించేది ఇది. అమ్మకంలో ఉన్న రికార్డింగును ప్రతి తీసి ఇవ్వను, ఎక్కడ దొరుకుతుందో చెబుతాను లేదా కొని కానుకగా ఇస్తాను. ఇంటి కచేరీ రికార్డింగు అయితే కళాకారుని, వారు లేకపోతే కుటుంబాన్ని అడుగుతాను. అడిగినప్పుడు చాలామంది సంతోషిస్తారు. కొందరు తమ దగ్గర లేని ఆ కచేరీకి ఒక ప్రతి కావాలంటారు. వద్దన్నవారి మాట మన్నించాలి. ఇవాళ జరిగే కచేరీలలో అనుమతి లేకుండా ఫోన్‌తో రికార్డు చేసి పంచడం ఎవరూ చేయకూడని పని.

సాహిత్యాన్ని చేతికివ్వండి

తెలుగువారిగా మనకు ఉన్న భాగ్యం, కచేరీలో వినిపించే కీర్తనలలో అధిక భాగం మన భాషలోనే ఉండటం. అయినా ఎంతోమంది పల్లవిలో మొదటి రెండు మాటలు దాటి సాహిత్యం పట్టించుకోరు. ఒక కాగితం మీద కీర్తన మొత్తాన్ని పదాలు విడదీసి రాసి, కష్టమైన మాటలకు అర్థం ఇచ్చి, వినే ముందు అందరికీ పంచండి. "నగుమోము గనలేని నా జాలి దెలిసి నన్ను బ్రోవరాదా" అన్న ఆభేరి కీర్తననే తీసుకోండి. వినేవారి మనసులో నిలిచేది నగుమోము. కానీ త్యాగయ్య మొర అంతా ఆ నగుమోమును చూడలేకపోతున్న జాలి గురించి. ఆ సంగతి కాగితం మీద చదివి, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ గారి గొంతులో ప్లేటుగా వచ్చి ఊరూరా వినిపించిన ఆ కీర్తనను వింటే, "గనలేని" దగ్గర గొంతు ఎందుకు అంతగా కరిగిందో తెలుస్తుంది. ఆ వెంటనే బాలమురళీకృష్ణ గారు పాడినది వినిపిస్తే అదే జాలి వేరే వెలుగులో కనబడుతుంది.

తమిళ విద్వాంసులు పాడిన రికార్డింగులలో ఉచ్చారణ విని మనవారు కొందరు మొహం చిట్లిస్తారు. తమిళ లిపిలో క, గలకు గాని, త, దలకు గాని వేరువేరు అక్షరాలు లేవు. ఆ లిపిలో రాసుకున్న పుస్తకాల నుంచి తెలుగు కీర్తనలను తరతరాలుగా నేర్చుకుని, బతికించి, మనకు అందించినవారు వారు. వినిపించే ముందే ఈ మాట చెప్పండి, అప్పుడు చెవి రాగం వైపు తిరుగుతుంది. మన ఉచ్చారణ కోసం ప్రత్యేకంగా శ్రమపడినవారు కూడా ఉన్నారు, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడిన అన్నమయ్య సంకీర్తనలు వింటే ఆ శ్రద్ధ ప్రతి మాటలోనూ తెలుస్తుంది.

కలిసి కూర్చుని వినండి

ఐదుగురు నుంచి ఎనిమిదిమంది దాకా చాలు. గంటన్నర కూర్చుంటే అందులో గంట సంగీతం ఉండాలి. వేసవిలో మధ్యాహ్నం పెట్టుకోకండి. సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే పాత టేపులో తంబుర వినబడదు, ఫ్యాను ఆపితే మనుషులు కూర్చోలేరు. చల్లబడిన సాయంత్రం, లేదా ఆదివారం తెల్లవారుజామున బాగుంటుంది. స్పీకర్లు చెవి ఎత్తున, గోడకు ఒక జానెడు ముందుకు పెట్టండి. మృదంగం తొప్పి (ఎడమ) వైపు పలికే గుమ్కీ, అంటే లోతైన గుమ్మనే నాదం, నిండుగా వినబడాలి, అదే సమయంలో తంబుర సన్నగా అందుతూ ఉండాలి. ఈ రెండూ ఒకేసారి కుదిరిన చోట శబ్దం సరిపోయినట్టు. ఎక్కువ పెడితే పాత రికార్డింగులోని పై స్థాయి గరగరలాడుతుంది.

క్రమం ఇలా ఉంటే నాకు నచ్చుతుంది. ముందు మూడు నిమిషాల గ్రామఫోను ప్లేటు ఒకటి. 78 ఆర్‌పీఎం ప్లేటుకు ఒక వైపు పట్టేది అంతే. కీర్తన మొత్తాన్ని అంత ఇరుకులో విద్వాంసులు ఎలా ఇమిడ్చారో విన్నాక, అదే రాగంలో తీరికగా సాగిన కచేరీ ఆలాపన వినిపిస్తే ఆ విశాలత మనసుకు తగులుతుంది. ఆ తరువాత కీర్తన, నెరవు, స్వరం, తని. చివర ఒక చిన్న శృంగార గీతం, పదమో జావళియో.

మొదలుపెట్టే ముందు మూడు వాక్యాలకు మించి మాట్లాడకండి. మీకు నచ్చిన చోటు వస్తోందని వింటుండగా చెప్పకండి, వేలు కూడా ఎత్తకండి. ముందే నిమిషం చెప్పి ఉంచితే చాలు. తలలు ఊగనివ్వండి, "ఆహా" అననివ్వండి, తాళం తొడ మీద మెత్తగా వేసుకోనివ్వండి. మాటలు మాత్రం పాట అయ్యాకే. ఆఖరి చప్పట్లు ఆగిపోయాక కూడా ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉంటే మంచిది, తరువాత కాఫీలు రానివ్వండి. మాట్లాడుకునేటప్పుడు మొదటి అవకాశం కొత్తగా వచ్చినవారికి ఇవ్వండి. అనుభవజ్ఞులు ముందు మాట్లాడితే కొత్తవారు నోరు విప్పరు, అయినా నేను వందసార్లు విన్నా గమనించని సంగతులు కొత్తవారి నోట ఎన్నోసార్లు విన్నాను.

దూరాన ఉన్నవారితో

హైదరాబాదులో మీరు, డల్లాస్‌లో మీ మిత్రుడు ఉంటే వీడియో కాల్‌లో పాట వినిపించాలని చూడకండి. ఆ కాల్స్‌లో చప్పుడును అణిచే ఏర్పాటు మనిషి మాటను మాత్రమే దాటనిచ్చి తంబురను, సన్నగా సాగే వయొలిన్ స్వరాన్ని మింగేస్తుంది. ఒరిజినల్ సౌండ్ అన్న సదుపాయం ఉంటే దాన్ని పెట్టుకోవచ్చు, కానీ అంతకంటే సులువు ఒకటి ఉంది. ఫైలును, వివరాల కాగితాన్ని, సాహిత్యాన్ని రెండు రోజుల ముందు పంపండి. వాట్సాప్‌లో అయితే డాక్యుమెంటుగా జతచేస్తే ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఇద్దరికీ కుదిరే వేళ, ఇక్కడి ఉదయం అక్కడి రాత్రి అనుకోండి, ఎవరి ఇంట్లో వారు ఒకేసారి మొదలుపెట్టి, మొత్తం విన్నాక ఫోన్ చేసుకోండి. నేను, విదేశంలో ఉన్న నా బాల్యమిత్రుడు ఇలా నెలకు ఒక కచేరీ వింటున్నాం. ఫోన్‌లో మా సంభాషణ చాలాసార్లు "ఆ ఇరవై రెండో నిమిషం" అన్న మాటతోనే మొదలవుతుంది.

ఇచ్చాక మిగిలే పనులు

ఎవరికి ఏ రికార్డింగు ఏ రోజు ఇచ్చారో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. రాగం పేరో, పక్కవాద్యం పేరో తప్పని ఎవరైనా ఆధారంతో చెబితే, మీ కాగితం దిద్ది, ఆ పుస్తకంలోని అందరికీ కొత్త కాగితం పంపండి. ఇచ్చిన నెల తరువాత ఒకసారి "విన్నారా" అని కాకుండా "ఏ కీర్తన దగ్గర ఆగారు" అని అడగండి. విననివారిని నొప్పించకండి, వారి చెవికి తగినది మరొకటి వెతకండి. విన్నవారు తమ దగ్గరున్న మరొక కచేరీని మీకు ఇస్తే, దాన్ని పూర్తిగా వినేదాకా మీరు కొత్తది ఇవ్వకండి.

క్యాసెట్ వేరొకరిదైతే ఫైలు తయారైన వారం లోపల తిరిగి ఇవ్వండి. ఇచ్చే ముందు పాత అట్ట మీద ఉన్న చేతిరాతను ఫోటో తీసుకుని ఫైలుతో పాటు దాచండి. ఎవరి నాన్నగారో, ఎవరి మామయ్యగారో నీలం సిరాతో రాసిన "కాంభోజి, బాగుంది" అన్న మాట ఆ రికార్డింగులో భాగమే. పెట్టెలో చిన్న సిలికా జెల్ పొట్లం వేసి, దిద్దిన ప్రతిని ఒక పెన్ డ్రైవులో, వివరాల కాగితాన్ని అచ్చులో వారి చేతికి ఇచ్చి, వీలుంటే మొదటి పది నిమిషాలు వారి ఇంట్లోనే కూర్చుని వినిపించి రండి.